ఆషాఢంలో మెడదిండు

నేను ఒక మెడదిండును. గుర్రపునాడా ఆకారం, బూడిదరంగు మఖమల్ తొడుగు. రైలు కిటికీ పక్కన కునికే మెడకు ఆసరా కావాలని నా తోటివాళ్లలాగే నేనూ కలగన్నాను. తీరా నా మొదటి ప్రయాణం కాకినాడలో ఒక ఫ్లాట్‌లోని బీరువా వెనక్కి.

నన్ను కొన్న హరగోపాల్‌కు కొత్తగా పెళ్లయింది. నడినెత్తిన జుట్టు పలచబడింది. భార్య సువర్చలకు ఆ సంగతి తెలియకముందే వెంట్రుకలు నాటించుకోవాలని అతని ఆరాటం. అందుకు ఆషాఢమాసం ఎంచుకున్నాడు. ఆ నెలంతా కొత్త పెళ్లికూతురు పుట్టింట్లోనే ఉంటుంది కదా! ఆమె తిరిగొచ్చేసరికి వాపు తీస్తుంది, పొక్కులు రాలిపోతాయి. నెత్తికి రాసుకోకుండా గుండీల చొక్కాలు, వదులు టోపీ, ఫ్రిజ్ నిండా ఐసు సిద్ధం చేశాడు. తల ఎత్తుగా పెట్టి పడుకోవడానికి నేను. మనుషులు పరీక్షలకైనా ఇంత శ్రద్ధగా తయారవరు.

సువర్చల కొత్త చీపురు కొన్నా మురిసిపోయే మనిషి. ఆ చీపురుతో పాడుకుంటూ ఊడుస్తూ బీరువా దాకా వస్తే, దొంగలా దాక్కున్న నాకు సిగ్గుతో దూది గడ్డకట్టేది.

ఆమె వెళ్లింది. నాటడం అయింది. వాపు నుదుటి నుంచి కళ్లలోకి దిగింది. ఇన్ని ఆలోచించినవాడు ఒక్కటి మరిచాడు: ఆషాఢంలో అత్తవారు సారె తెస్తారు.

గంట మోగింది. భోజనం పార్సిలనుకుని, నన్ను మెడలో వేసుకునే తలుపు తీశాడు. ఎదురుగా కాజాల బుట్టతో మామగారు. వెనకాల సువర్చల!

“ఏటండీ అల్లుడుగారూ, మొహం అలా బూరెలా పొంగిపోయింది? తేనెటీగలు గానీ కుట్టేయా అండీ?”

“ఆయ్... తేనెటీగలేనండి మావయ్యగారూ.”

“నాలుగో అంతస్తులోనా అండీ!”

హరగోపాల్ భార్య వైపు తిరిగాడు. “ఆషాఢంలో నువ్వు రాకూడదు కదా?”

“అత్తయ్యగారు లేని గడపే కదండీ, పర్లేదు.”

ఆమె చూపు టోపీ మీద ఆగి, నా మీదికి దిగింది. కుట్లు విప్పుకుని నేలలో కలిసిపోవాలనిపించింది.

మామగారు మిగతా బుట్టల కోసం కిందికి వెళ్లారు. హరగోపాల్ తల వంచుకుని టోపీ తీశాడు. నెత్తి నిండా ఎర్రటి చుక్కలు.

“పెళ్లిలో నల్లపొడి అద్ది కప్పేశాను. నీకు చెప్పడానికి నోరు రాలేదు.”

“తెలుసండీ. పసుపు తలంబ్రాలు పోస్తే నల్లగా జారేయి. ఎవరి కంటా పడకుండా పైన దోసిళ్లకొద్దీ పోసేశాను. అందరూ మీతో పోటీ పడుతున్నాననుకున్నారు.”

అతను మొహం నాలో దాచుకున్నాడు. ఆ తడి చెమటో కన్నీరో నేను చెప్పను.

ఇప్పుడు నన్ను ఉతికి, వీధంతా చూసేలా బాల్కనీ తీగ మీద ఆరేశారు. శ్రావణంలో ఇద్దరూ రైలెక్కుతారట. కిటికీ పక్కన నేను తన మెడకేనని సువర్చల ముందే చెప్పేసింది. పైన ఎండ బాగానే కాస్తోంది. నా లోపలి దూది మాత్రం ఇంకా ఆరలేదు.