గోడ స్విచ్చు దగ్గర మనిషి

ఆ వడ్రంగి కటింగ్ మిషన్‌ని నడపడానికి ఇద్దరు మనుషులు కావాలి. మిషన్ తప్పేమీ లేదు. అది ఒంటిచేత్తో పట్టుకునేదే, మీట నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. తప్పంతా మన వడ్రంగిదే. ఎప్పుడో తలుపు సందులో చూపుడువేలు నలిగితే, మీట నొక్కిపట్టలేక, అది నొక్కుకునే ఉండేలా దానికి నల్ల టేపు చుట్టేశాడు. ఇక మిషన్ ఆగాలంటే గోడ స్విచ్చే దిక్కు. ఆ స్విచ్చు దగ్గర పీట వేసుకుని భార్య కూర్చునేది. ఆయన తలూపితే వేసేది, కోత అయ్యాక ‘ఊఁ’ అంటే ఆపేది.

వేలు కొన్నాళ్ళకే బాగైంది. టేపు మాత్రం ఊడలేదు. ఊడితే ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోతుందని ఆయన భయం. ఆవిడ అక్కడ కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టేది, బేరాలాడే ఖాతాదార్లను వాళ్ళు వెళ్ళాక తిట్టిపోసేది, కోతకీ కోతకీ మధ్య ఊళ్ళో కబుర్లన్నీ ఆయన చెవిన వేసేది. ఈ సుఖాన్ని ఒక వేలి కోసం వదులుకుంటాడా? పైగా బ్లేడు పళ్ళను కప్పే గార్డు సన్నచెక్కలకు అడ్డుపడుతోందని, దాన్ని కూడా తీగతో పైకి కట్టేశాడు. మిషన్ అమ్మిన కొట్టతను అలా కట్టకూడదని నెత్తీనోరూ బాదుకున్నా వినలేదు.

ఆవిడ పోయాక చాలా రోజులు మిషన్ ముట్టుకోలేదు. ఇల్లంతా బావురుమంటోంది. తిన్నావా అని అడిగే దిక్కు లేక ఒక్కోరోజు తినడమే మర్చిపోయేవాడు. చివరికి ఎవరో పుస్తకాల అర కావాలంటే, ప్రాణం లేచివచ్చినట్టై ఒప్పుకున్నాడు. ఆ సంగతి ఫోన్‌లో చెబితే కూతురు ముందు అడిగింది స్విచ్చు దగ్గర ఎవరుంటారనే. పక్కింటాయన వస్తాడని అబద్ధమాడాడు. ఎవరూ లేకపోతే మిషన్ తీసుకెళ్ళిపోతానని ఆ పిల్ల ముందే చెప్పింది, అన్నమాట ప్రకారం చేసే రకం కూడాను. పని కూడా పోతే ఈ నాలుగు గోడల మధ్య తనేం చెయ్యాలి?

మధ్యాహ్నం పనిలోకి దిగాడు. ఒక చేత్తో మిషన్ పట్టుకుని, రెండో చేత్తో స్విచ్చు వేసి, తిరుగుతున్న బ్లేడుతోనే చెక్క పలక దాకా నడిచాడు. చూసేవాళ్ళుంటే గుండె ఆగేది. మొదటి రెండు పలకలూ ఎలాగో గట్టెక్కాయి. మూడోది ఎంత నున్నగా తెగిందంటే, చాన్నాళ్ళకు ఆయనకు పనిలో సంతోషం కలిగింది. ఆ సంతోషంలో ఆవిడ లేదన్న సంగతే మర్చిపోయాడు. ‘ఊఁ’ అని, ఎప్పట్లాగే మిషన్‌ని నేలమీద పెట్టేశాడు.

అది ఆగలేదు. గార్డు లేని పళ్ళు నేలను కరిచి, మిషన్ ఎగిరి ఆయన మీదికే వచ్చింది. చెప్పు ముందుభాగం తెగిపోయింది. బొటనవేలు వెంట్రుకవాసిలో తప్పించుకుంది. పరుగున వెళ్ళి స్విచ్చు ఆపి, ఆ పీట మీదే కూలబడ్డాడు. కాలు పోయేదన్న భయం కన్నా, పిలిస్తే పలికే మనిషి లేదన్న బాధే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

సాయంత్రం కూతురు వచ్చింది. నేలమీది గాటు చూసింది, చెప్పు చూసింది. పక్కింటాయన ఏడని అడగలేదు. తీసుకెళ్ళిపోవడానికి మిషన్‌కి వైరు చుట్టసాగింది. దాచి లాభం లేదనుకుని ఆయన ఉన్నదంతా కక్కేశాడు.

“నా వేలు ఎప్పుడో బాగైందమ్మా. మీ అమ్మకి చెప్పలేదు.”

కూతురి చేతులు ఆగాయి.

“అమ్మకి తెలుసు నాన్నా. రోజంతా అదే వేలితో స్క్రూలు బిగించేవాడివి, తనకి కళ్ళు లేవా? ‘మీ నాన్న నిజం ఒప్పుకుంటే నేను లేచి లోపలికి పోవాలి, అందుకే అడగను’ అనేది.”

ఆయన మిషన్ తన వైపు లాక్కున్నాడు. ప్లగ్గు ఊడే ఉందో లేదో చూసుకుని, గార్డుకు కట్టిన తీగ విప్పాడు. గార్డు టక్కున జారి పళ్ళను కప్పేసింది. టేపు ఏళ్ళ తరబడి అంటుకుపోయి ఒక పట్టాన రాలేదు. గోళ్ళతో గీకి గీకి తీశాడు. కూతురు అడ్డు చెప్పలేదు. ప్లగ్గు పెట్టి మీట నొక్కి చూపించమంది, వదిలి చూపించమంది, మళ్ళీ చూపించమంది. చివరికి, “మిషన్ ఇక్కడే ఉండనీ. గార్డు మళ్ళీ కట్టావో, ఊరుకోను” అని వెళ్ళిపోయింది.

ఇంకా వెలుతురుంది. మిగిలిన పలకను బల్లమీద బిగించి కోశాడు. వేలు తియ్యగానే మిషన్ ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఇద్దరు కలిసి చేసిన పని ఒక్క వేలితో అయిపోయినందుకు ఆయనకు ఏడుపొచ్చింది.