ఉన్నిపోగుతో కొలిచిన బడిదారి

అట్లాస్ కొండల్లోని తగంజా గ్రామంలో తివాచీలు నేసే తూదా ఆ పొద్దున మగ్గం వదిలేసి, ఉన్ని శాలువా కప్పుకుని, కింది పట్టణంలోని విద్యాశాఖ కచేరీకి తిన్నగా నడిచింది. ఆమె కూతురు ఇజ్జాకు బడి వ్యానులో చోటు లేదన్నారు. మూడు కిలోమీటర్లు దాటితేనే వ్యానట. తగంజా నుంచి బడి రెండుముప్పావేనట!

గుమాస్తా మీమూన్ మంచివాడే, ఆడవాళ్ళను 'లల్లా' అని మర్యాదగానే పిలుస్తాడు. టీ గ్లాసు పక్కకు జరిపి, గోడమీది మ్యాపు దగ్గరకు తీసుకెళ్ళి కొలబద్ద పెట్టి చూపించాడు.

"చూడు లల్లా తూదా, ఇది మీ ఊరు, ఇది బడి. మధ్యన ఐదున్నర సెంటీమీటర్లు. ఇందులో ఒక సెంటీమీటరంటే నేలమీద అర కిలోమీటరు. ఇక లెక్క నువ్వే కట్టుకో."

తూదాకు చదువు రాదు. అయినా చిన్న గుడ్డమీది పువ్వును పెద్ద తివాచీలోకి ఎక్కించడం ఆమెకు రోజూ ఉండే పనే. ఐదున్నరలో సగం రెండుముప్పావు. లెక్క సరిగ్గానే ఉంది. మరి పిల్ల గంటకు పైగా ఎందుకు నడుస్తోంది?

ఆమె మ్యాపుకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళింది. బద్ద కింద సన్నటి నీలిగీత కనిపించింది.

"ఇదేంటి సీ మీమూన్?" అంది, తనూ మర్యాద తప్పకుండా.

"వాగు. అక్కడ లోయ ఉందిగా."

"నీ బద్ద లోయమీదుగా దూకేసింది. నా కూతురికేమన్నా రెక్కలున్నాయా?"

పక్క బల్ల దగ్గరి టైపిస్టు పక్కున నవ్వింది. మీమూన్ చెవులు ఎర్రబడ్డాయి. "కాలిబాట ఇదిగో, ఈ చుక్కల గీత" అన్నాడు నెమ్మదిగా.

తూదా శాలువా అంచు నుంచి ఎర్రటి పోగు లాగింది. ఒక కొసను ఊరిమీద బొటనవేలితో అదిమిపెట్టి, చుక్కల వెంబడే వంపు వంపుకూ వంచుతూ, వంతెన దాకా దిగి, మళ్ళీ ఎక్కి, బడి చేరినచోట గోటితో పట్టుకుంది.

"ఇప్పుడు బద్ద పెట్టు."

ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మీమూన్ పెదాలు కదిలాయి. "నాలుగుంబావు కిలోమీటర్లు... పోగు సాగదీశావేమో?"

"అయితే నువ్వే కొలువు."

అతను నాలుక పంటికింద పెట్టుకుని మరీ కొలిచాడు. తొమ్మిది వచ్చింది!

"నీ లెక్కే రాసుకో, నాకేం బాధ లేదు" అంది తూదా. "ఇంకా అనుమానముంటే పద, నడిచి చూద్దాం."

మీమూన్ తళతళలాడే తన బూట్ల వంక చూసుకున్నాడు. "వద్దులే తల్లీ! ఎనిమిదిన్నరే రాస్తాను" అంటూ కాగితం పట్టుకుని పై అధికారి గదిలోకి వెళ్ళాడు.

సోమవారం వ్యాను వచ్చింది. ఇజ్జాతోపాటు తగంజా ఆడపిల్లలు మరో ఐదుగురు ఎక్కారు. ఇజ్జా కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది: "అమ్మా, ఇన్నాళ్ళూ నన్ను నడిపించావు! ఈ కొలతేదో పోయినేడాదే కొలవొచ్చుగా?"

"ఒసే, నోరు!" అని తూదా చెయ్యెత్తింది గాని, నవ్వు ఆగక అక్కడే రాతిమీద చతికిలబడింది.