లాటర్నె రికార్డు మీద కుంకుమబొట్టు

నేను డూ-వాప్ పండితుణ్ని. ఈ మాట నా అంతట నేనే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు. పగలంతా జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న ఎష్‌బోర్న్‌లో, ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతాను. సాయంత్రం ఇంటికొచ్చి అరవై ఏళ్ల కిందటి అమెరికా పాటల గురించి ఇతరులు రాసినదాంట్లో తప్పులు వెతుకుతాను. ఒక సోమవారం ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర అఖిల్ మర్యాదకి "వీకెండ్ ఏం చేసినవ్ కౌశల్?" అని అడిగితే డూ-వాప్ గురించి అరగంట చెప్పాను. అప్పటినుంచి అతను టీ తాగుతున్నాడు.

మీకు క్లుప్తంగా చెబుతాను, పారిపోకండి. నలుగురు కుర్రాళ్లు వీధి మూల నిలబడి, వాద్యాలు కొనే స్తోమత లేక అన్నీ నోటితోనే లాగించే పాట అది. ఒకడు పాట ఎత్తుకుంటాడు. ఇద్దరు షూబీ డూబీ అంటారు. నాలుగోవాడు అందరికంటే కింది నుంచి డుం డుం అని మొత్తం మోస్తాడు. ఆ నాలుగోవాడంటే నాకు మరీ పిచ్చి. నా గొంతు కీచుగా ఉండటమే అందుకు కారణమని మా ఆవిడ హారిక అభిప్రాయం.

కుముదిని గారిది మా పక్క వీధి. గుడివాడ దగ్గర పల్లె నుంచి పెళ్లయి వచ్చి, యాభై ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్నారు. మా అమ్మాయి స్నిగ్ధకి కిటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, సీటు దొరక్క మేం అల్లాడుతుంటే, నేరుగా అక్కడికెళ్లి జర్మన్‌లో దెబ్బలాడి సీటు తెచ్చిపెట్టిన మనిషి. ఆవిడ భర్త జగన్మోహన్ గారు ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసేవారు. మేం ఈ ఊరు వచ్చేసరికే పోయారు. చివరి రెండేళ్లూ గొంతుకి ఆపరేషన్ అయి, మాట లేకుండానే గడిపారట.

ఈ వేసవిలో ఒకరోజు ఆవిడ నన్ను పిలిచారు.

"కౌశల్ బాబూ, నువ్వు కంప్యూటర్ల వాడివి, పైగా పాత పాటల పిచ్చి కూడా ఉందిగా. ఇంటి కింద కెల్లర్‌లో మీ అంకుల్‌వి రెండు పెట్టెలున్నయ్. ఒకదాన్నిండా క్యాసెట్లు, ఇంకోదాన్నిండా రికార్డులు. ఆయన గొంతు ఎక్కడన్నా ఉందేమో చూసిపెట్టు నాయనా. ఫొటోలు ఆల్బమ్‌ల నిండా ఉన్నయ్. గొంతే లేదు. పాట అక్కర్లా, మాట అక్కర్లా. దగ్గినా చాలు నాకు. మిగతావన్నీ నువ్వే ఉంచేసుకో."

క్యాసెట్లన్నీ విన్నాను. ఎవరెవరివో గొంతులు ఉన్నాయి. ఎవరో భోజనాలయ్యాక పద్యం పాడుతున్నారు. ఎవరి పిల్లలో ఏడుస్తున్నారు. కుముదిని గారు వంకాయ కూర ఇంకొంచెం వేసుకోమని ఎవరినో బతిమాలుతున్నారు. మైకు పట్టుకున్నది డాక్టరు గారు కాబట్టి ఆయన మాత్రం ఎక్కడా లేరు. కనీసం దగ్గలేదు.

వెళ్లి ఆ మాటే చెప్పాను. "పోన్లే నాయనా, నీకు శ్రమ ఇచ్చాను" అని ఆవిడ నా ప్లేటులో ఇంకో గారె వేశారు. నాకు చాలా బాధేసింది. ఆ బాధ ఇంటికొచ్చి రెండో పెట్టె తెరిచేదాకా ఉంది.

రెండో పెట్టె అడుగున, రెండు సింఫనీల మధ్య, ఒక చిన్న రికార్డు దొరికింది. మీద లాంతరు బొమ్మ. లాటర్నె! ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రేడియో రిపేరు కొట్టు వెనక గదిలో, అరవైల మొదట్లో, ఒక బక్క ముసలాయన నడిపిన కంపెనీ. రికార్డులు చేసింది కొద్దికాలమే. అక్కడి అమెరికా సైనిక స్థావరాల కుర్రాళ్లు కొందరు శనివారం సెలవు చీటీ పట్టుకొచ్చి, 'ది వీకెండ్ పాసెస్' అనే పేరుతో అక్కడొక రికార్డు ఇచ్చారని మా సేకర్తల లోకంలో అందరికీ తెలుసు. విన్నవాడు మాత్రం ఎవడూ లేడు. పాడిన వాళ్ల పేర్లు కూడా తెలియవు. లేబుల్ మీద ముఠా పేరే ఉంది.

నేను సోఫా ఎక్కి గంతులేశాను. ఇది డాక్టరు గారి దగ్గరికెలా వచ్చిందన్న అనుమానం నాకు రాకపోలేదు. ఎవరో సోల్జరు ఆపరేషనయ్యాక కృతజ్ఞతగా ఇచ్చి ఉంటాడని అక్కడికక్కడే తీర్మానించాను. పండితులకి తీర్మానాలు చాలా తొందరగా వస్తాయి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకే ఒక్కసారి విన్నాను. పాట మధ్యలో ముగ్గురూ ఆగిపోతారు. నాలుగోవాడు ఒంటరిగా మెట్లు దిగుతున్నట్టు డుం, డుడుం, డుం అని కిందికి పోయి, చివరి డుం దగ్గర గొంతు చిన్నగా విరుస్తాడు. ఒళ్లు జలదరించింది. వెంటనే మా సేకర్తల ఫోరంలో పెద్ద వ్యాసం రాశాను. ఆ గొంతు మిసిసిపీ ఒడ్డున ఏదో చెక్క చర్చిలో పుట్టిందనీ, ఆ విరుపు రక్తంలో ఉండాలే తప్ప నేర్చుకుంటే వచ్చేది కాదనీ ఘంటాపథంగా చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. కొలోన్ నుంచి లుట్స్ అనే ఆయన, ఇలాంటి పాత పాటల సంకలనాలు వేసే మనిషి, ఫోన్ చేసి నన్ను 'ప్రొఫెసర్' అన్నాడు. నేను కాదనలేదు. తన యంత్రంతో వచ్చి తానే రికార్డు చేసుకుంటాననీ, అందాకా దాని మీద నా నాసిరకం సూది పెట్టవద్దనీ ఆజ్ఞాపించాడు. దసరా మర్నాడు రమ్మని టెర్మిన్ ఇచ్చాను.

ఇక మా ఇంట్లో ఆ రికార్డుకి జరిగిన మర్యాద అల్లుడిక్కూడా జరగదు. ముట్టుకోవాలంటే తెల్ల నూలు గ్లవ్స్. హారిక ఆ గదిలో చీపురు పట్టకూడదు. స్నిగ్ధ అసలు గట్టిగా నడవకూడదు.

"ఏంది నీ లొల్లి? పాట వినకపోతే అది పాటెందుకైతది?" అని హారిక అడిగింది.

"అరుదైన రికార్డు వినేటందుకు కాదు, ఉంచేటందుకు" అన్నాను. అప్పుడు నాకది చాలా లోతైన మాటగా తోచింది.

కుముదిని గారు కూడా ఓసారి అడిగారు. "అంత గొప్పదా బాబూ అది? మా ఇంట్లో అన్నేళ్లు పడి ఉంది, నేను చూడనే లేదు. ఓసారి వినిపించవా?"

"గాడి అరుగుతది ఆంటీ. కొలోన్ ఆయన వచ్చి పోయినంక మీకు కాపీ ఇస్త."

"సరేలే, మనకేం తొందర" అన్నారావిడ.

దసరాకి మా ఇంట్లో ఆయుధపూజ చేస్తాం. కత్తులూ నాగళ్లూ లేని ఐటీ కుటుంబం కాబట్టి అమ్మవారి ముందు రెండు ల్యాప్‌టాప్‌లు, కారు తాళం, ఊరినుంచి మోసుకొచ్చిన మిక్సీ, స్నిగ్ధ ఒంటికాలితో తోసుకుంటూ తిరిగే రోలర్ బండి పెట్టాం. సాయంత్రం పేరంటానికి వచ్చేవాళ్లందరూ చూసి నన్ను అడగాలనీ, వాళ్లు అడిగితే నేను చెప్పాలనీ, నా రికార్డుని కవర్లోంచి తీసి అన్నిటికంటే ముందు నిలబెట్టాను.

కుముదిని గారు పొద్దున్నే వచ్చి పులిహోర కలిపారు. "ఆంటీ, పెద్దవాళ్లు, మీరే అన్నిటికీ బొట్టు పెట్టండి" అంది హారిక.

"నేనెందుకమ్మా, ఇంటి ఇల్లాలివి నువ్వుండగా" అని నవ్వి ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆయన పోయినప్పటినుంచి ఆవిడ అంతే. ఎవరెన్ని చెప్పినా పూజ దగ్గర నిలబడరు. హారిక చేతులేమో వడల పిండిలో ఉన్నాయి. అందుకని ఆ పని నాకొచ్చింది.

గ్లవ్స్‌తో పూజేమిటని తీసి పక్కన పెట్టాను. గిన్నెలో కుంకుమ తడిపి, ఉంగరం వేలు ముంచి మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌కి బొట్టు. రెండో ల్యాప్‌టాప్‌కి బొట్టు. తాళానికి, మిక్సీకి, రోలర్‌కి బొట్టు. చిన్నప్పుడు మా నాన్న స్కూటర్‌కి, ఇంట్లో కుట్టుమిషన్‌కి పెట్టిన చెయ్యి అది. నన్ను అడగలేదు. భక్తిగా వెళ్లి, లేబుల్ మీద కూడా కాదు, గాళ్ల మధ్యన, ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేని రికార్డుకి గుండ్రంగా ఎర్రటి బొట్టు పెట్టేసింది.

"పాపా! దు హాస్ట్ ఎస్ అన్‌గెఫాస్ట్!" అని స్నిగ్ధ జర్మన్‌లో కెవ్వుమంది. నేనే ముట్టేసుకున్నానని దాని ఫిర్యాదు. దానికి నేను రోజూ నేర్పింది అదేగా.

తరవాత కాసేపు నేను ప్రవర్తించిన తీరు రాయను. దూదితో అద్దబోయి, ఇంకా లోపలికి దిగుతుందని భయపడి మానేశాను. ఊదాను. హారిక హెయిర్ డ్రయర్ తెచ్చాను. ఆరిన బొట్టు గాళ్లలో గట్టిగా కూర్చుంది. మర్నాడు ప్రొఫెసర్ గారిని చూడటానికి కొలోన్ నుంచి మనిషి వస్తున్నాడు! పాట మిగిలిందో లేదో తెలియాలంటే దారి ఒక్కటే. రికార్డు తిరిగే పళ్లెం మీద పెట్టి, హెడ్‌ఫోన్స్ వెతికే ఓపిక లేక స్పీకర్లలోనే పెట్టేశాను.

పాట మొదలైంది. బాగానే ఉంది. ఒకడు ఎత్తుకున్నాడు, ఇద్దరు షూబీ డూబీ అన్నారు. ముగ్గురూ ఆగారు. నాలుగోవాడు దిగాడు. డుం, డుడుం, డుం. విరుపు. టక్కుమని సూది బొట్టుకి తగిలి వెనక్కి గెంతింది. డుం, డుడుం, డుం. విరుపు. టక్. డుం, డుడుం, డుం.

"పోయింది" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

వంటింట్లోంచి కుముదిని గారు గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఎక్కడిదది?" అన్నారు.

"అదే ఆంటీ, ఆ రికార్డు. ఖరాబైంది. ఆపేస్త."

"అది మీ అంకుల్ గొంతు."

నేను పండితుణ్ని కదా, ఊరుకోలేదు. "కాదు ఆంటీ, ఇది మిసిసిపీ..." అని మొదలుపెట్టాను. హారిక నా వంక చూసిన చూపుకి మిగతా నది గొంతులోనే ఉండిపోయింది.

ఆవిడ గరిటె పట్టుకునే సోఫా అంచున కూర్చున్నారు. "రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటా ఇదే గోల. బాత్‌రూం మొత్తం దద్దరిల్లేది. ఏంటండీ ఈ కప్ప అరుపులు, కిందింటి వాళ్లు పోలీసుల్ని పిలుస్తారు అనేదాన్ని. చదువుకునేటప్పుడు అమెరికా సోల్జర్లతో కలిసి పాడేవాణ్ని, రికార్డు కూడా ఇచ్చాం అనేవారు. కృష్ణలో మొసలితో పందెం వేసి ఈదాననీ అనేవారు. దీన్నీ దాంతోపాటే కోతల్లో కలిపేశాను. అక్కడ చూడు, గొంతు విరుస్తారు..."

సూది వెనక్కి గెంతింది. ఆవిడ సన్నటి గొంతుతో డుం, డుడుం అన్నారు. స్పీకర్‌లో విరుపు రావడానికి రవ్వంత ముందే ఆవిడ గొంతు అచ్చం అలాగే విరిగింది. నేను నాలుగు పేజీలు రాసి, రక్తంలో ఉండాలని తేల్చిన విరుపు అది. వేసవంతా ఆవిడ అడిగిన గొంతు నా దగ్గరే ఉంది. అరిగిపోతుందని నేను వినిపించలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

"ఆంటీ, ఒక్క నిమిషం" అన్నాను. "కుంకుమ తుడిచి మొదటి నుంచి పెడత. పాట మొత్తం వినొచ్చు." సూది చెయ్యి ఎత్తబోయాను.

"తియ్యకు నాయనా. మొత్తం నాకెందుకు? ఆ మిగతా పిల్లలెవరో నాకు తెలవదు. ఇక్కడ ఆయనొక్కరే ఉన్నారు." తల ఎత్తకుండానే అన్నారు. "ఆ బొట్టు తుడవకు."

ఆవిడ మామూలుగానే అన్నారు. హారిక మాత్రం వడలు మాడుతున్నాయని వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యి ఇంకా వెలిగించనేలేదు.

మర్నాడు లుట్స్ యంత్రం మోసుకుని వచ్చాడు. బొట్టు చూసి కళ్లజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. తన దగ్గరున్న ద్రావకంతో నిమిషంలో పోతుందన్నాడు. వద్దన్నాను. కారణం చెబితే ద్రావకం సీసా మళ్లీ సంచిలో పెట్టేశాడు. చివరికి రికార్డు రెండో వైపు పాట మాత్రం తన యంత్రంలోకి ఎక్కించుకుని వెళ్లాడు. ఆ వైపు పాట సుమారుగా ఉంటుంది. నన్ను ప్రొఫెసర్ అనడం మానేశాడు. ఫోరంలో నా వ్యాసానికి సవరణ రాశాను: నది ఒడ్డునన్నంత వరకు నా ఊహ సరైనదే, నది మాత్రం కృష్ణ. ఇంతవరకూ ఎవరూ నమ్మలేదు. డాక్టరు గారి మాట ఆవిడే నమ్మలేదు, వాళ్లనేం అనగలను?

ఆ ముక్క ఆవిడ ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాను. అయినా ఆదివారం ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వస్తారు. నేను బాత్‌రూంలో గడ్డం గీసుకుంటూ ఉంటాను. హారికో స్నిగ్ధో ఉత్త చేతులతోనే రికార్డు పెడతారు. ఆవిడ కాఫీ అయిపోయేదాకా డుం, డుడుం, డుం అని ఇల్లంతా మోగుతుంది. సూది అదే చోట తిరిగి తిరిగి గాడి అరుగుతోంది, నా చెవికి తెలుస్తూనే ఉంది.

అరగనీ.