సంతకం వచ్చిన మనిషి

బెయిలు మీద జైలు గేటు దాటి పట్టుమని పదడుగులు వేయలేదు, వ్యాను డ్రైవరును మళ్ళీ జీపెక్కించారు. అతని వ్యానులో ఎవరో వేసిన మూటలో గంజాయి దొరికిన కేసుకైతే కోర్టు బెయిలిచ్చింది. ఇది వేరేనట. చేసిన తప్పుకు కాదు, రేపు చేస్తాడేమోనన్న అనుమానానికి ఏడాది నిర్బంధమట. చోద్యం కాకపోతే ఏమిటిది! అరవై కాగితాల కట్ట చేతికిచ్చి, ‘చదివి అర్థం చేసుకున్నాను’ అన్న చోట వేలు పెట్టి చూపించారు. అతను ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టాడు.

అతనికి వచ్చిన చదువంతా ఆ సంతకమే. యజమాని పనిలో పెట్టుకోడని మొదట దాచాడు. తర్వాత పెళ్ళాం ముందు చులకనవుతానని దాచాడు. రోజూ పొద్దున్నే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. చిరునామాలు టీకొట్ల దగ్గర అడిగి పట్టుకునేవాడు. జైల్లో కాగితాల కట్ట చూసి, తోటి ఖైదీ ఒకడు అర్జీ రాసిపెట్టమన్నాడు. కళ్ళద్దాలు లేవని తప్పించుకున్నాడు. పొగరనుకుని ఆ ఖైదీ మళ్ళీ పలకరించలేదు. అంతమంది మధ్య అంత ఒంటరితనం డ్రైవరు ఎన్నడూ ఎరగడు.

వకీలు వచ్చి, ఇలా పట్టి ఉంచడానికీ చట్టంలో హద్దులున్నాయన్నాడు. ఎందుకు పట్టుకున్నారో తెలిసిన భాషలో ఇవ్వాలి, చదవలేనివాడికి చదివి చెప్పాలి. లేకపోతే ఆ ఉత్తర్వు నిలవదు. నీకెవరైనా చదివి చెప్పారా అని అడిగితే డ్రైవరు తల వంచుకున్నాడు. వకీలుకు సంగతి అర్థమైంది. ఇలాంటి నిర్బంధం సబబో కాదో తేల్చే విచారణ సంఘం ముందు ఆ ఒక్కమాట చెప్పమన్నాడు. అక్కడికి తనను రానివ్వరనీ, అయినవాళ్ళెవరైనా ఒకరు రావచ్చనీ చెప్పి వెళ్ళాడు.

ఇస్త్రీ పని మానుకుని భార్య వచ్చింది. బల్లకు అవతల ముగ్గురు పెద్దలు. కాగితాలిచ్చిన పోలీసు ఆఫీసరు కట్టలో డ్రైవరు సంతకం చూపించి, ఇతని భాషలోనే అన్నీ ఇచ్చామన్నాడు.

“చదివే పెట్టావా?” అని మధ్యలో ఉన్న పెద్దాయన అడిగాడు.

డ్రైవరు నోరు విప్పేలోగా భార్యే అందుకుంది. “చదవందే సంతకం పెట్టే మనిషి కాదండి మా ఆయన. పేపరంతా చదివిగానీ టీ ముట్టడు.”

మొగుడి పరువు నిలబెట్టాననే అనుకుంది, పిచ్చితల్లి. ఆఫీసరు నిశ్చింతగా కట్ట మూశాడు. నిజం చెబితే పెళ్ళాం ముందు పరువు పోతుంది. ఊరుకుంటే ఏడాది లోపలే.

“లేదండీ. నాకు చదవడం రాదు. ఇందులో నా గురించి ఏం రాశారో ఇవాళ్టికీ తెలీదు, ఎవరూ చెప్పలేదు. అర్థమైందన్న మాట నాది కాదు.”

చదివి చెప్పిందెవరని పెద్దాయన ఆఫీసరును అడిగాడు. ఆఫీసరు మళ్ళీ కట్ట విప్పి కాగితాలు తిరగేస్తూ ఉండిపోయాడు.

భార్య మాత్రం మొగుణ్ణే చూస్తోంది.

“మరి మా అమ్మ పోయేముందు రాయించిన ఉత్తరం నాకు చదివి పెట్టావు కదా. అంతా కులాసా అన్నావు,” అంది మెల్లగా. “అందులో ఏముందయ్యా?”