లేచి రమ్మన్న మాట

ఎవరు ఎక్కువ దరిద్రులు అన్న పందెంలో ఆ రోజు లవీనా డొసేలా ఓడిపోయేలా ఉంది.

"మీ ఊళ్ళో కరెంటుందా లేదా? అది చెప్పు ముందు," అంది చూల్వే, లవీనా చేతికి గుచ్చిన సూది మీద పట్టీ సరిచేస్తూ.

"ఉందమ్మా. బిల్లు కట్టిన నెల ఉంటుంది."

"మాకు తీగే లేదు. ఆనకట్ట మా నేల మీద, కరెంటు రాగి గనులకి. ఇంటి ముందునుంచే పోతాయి తీగలు. కింద మేం కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని తల పైకెత్తి చూస్తాం."

"ఆగాగు. మా ఆనకట్ట మాత్రం ఎవరి నేల మీదుందే? నీళ్ళేమో కింద పత్తిచేలకి పోతాయి. మా చెల్లెలు ఇప్పటికీ డ్రమ్ముల్లో తోలుకుంటోంది."

"తోలుకోడానికి పికప్పుందిగా. మా చెల్లెలికి నెత్తి ఉంది."

పక్క కుర్చీలోని ముసలాయన కళ్ళు తెరవకుండానే కిసుక్కున నవ్వాడు. లవీనా తురుపు ముక్క దించుతున్నట్టు గొంతు తగ్గించింది.

"సరే, సమాధులు చెప్పు. పాత ఊరు ముంచేటప్పుడు మా పెద్దవాళ్ళ సమాధుల మీద కాంక్రీటు పలక పోశారు. ఇవాళ్టికీ దాని కిందే పడున్నారు."

"కాంక్రీటే! ఎంత మర్యాదే మీకు! మమ్మల్ని లారీలెక్కించి, మా వాళ్ళని చేపలకి వదిలేశారు. పలకా లేదు, గిలకా లేదు."

లవీనా చేతులెత్తేసింది. "నువ్వే గెలిచావు పో, దరిద్రపు మొహమా."

చూల్వేది ఆఫ్రికాలో జాంబెజీ నది పక్కన గ్వెంబే లోయ, టోంగా జాతి. నర్సు ఉద్యోగమని సముద్రాలు దాటి, అమెరికాలో అపాచీ తెగవాళ్ళుండే శాన్ కార్లోస్‌లో రక్తం కడిగే కేంద్రానికి వచ్చి పడింది. ధనిక దేశం అన్నారు. వచ్చిన మొదటి వారంలోనే గతుకుల రోడ్లు, నీళ్ళ డ్రమ్ములు, సర్కారు పంచిపెట్టే మైదా, జున్ను చూసి, విమానం చుట్టూ తిరిగి మళ్ళీ మా ఊళ్ళోనే దింపలేదు కదా అనుకుంది. కాకపోతే ఇక్కడ కుర్చీలున్నాయి. గ్వెంబేలో మూత్రపిండాలు చెడితే మనిషి వారం తిరక్కుండా పోతాడు. ఇక్కడ యంత్రం ఉంది గనక ఏళ్ళ తరబడి, వారానికి మూడుసార్లు వచ్చి కూర్చుని, కొంచెం కొంచెంగా పోతాడు. రెంటిలో ఏది నయమో చూల్వేకి ఎన్నేళ్ళయినా తేలలేదు.

లవీనాతో స్నేహం గోత్రాల దగ్గర మొదలైంది. ఇద్దరి జాతుల్లోనూ గోత్రం తల్లినుంచే వస్తుంది. ఆ సంగతి తెలిసిన రోజున లవీనా, "అయితే నువ్వు మనిషివేనన్నమాట," అని వదినా అని పిలవడం మొదలుపెట్టింది. చూల్వేకి ఆ దేశంలో దొరికిన వరస అదొక్కటే. కేంద్రంలో అందరూ సిస్టరు అనేవారు. లవీనా మనవరాలు కేలీన్ మాత్రం రెండూ కలిపేసి సిస్టరత్తా అనేది.

లవీనా కోరిక ఒక్కటే. వేసవిలో కేలీన్ ఆట. ఆడపిల్ల పెద్దదైతే నాలుగు రోజులు తెల్లవారుజాము నుంచి పాటకు తగ్గట్టు ఆడించి, మొహానికి పసుపచ్చటి పుప్పొడి పూసి, ఊరంతా దీవిస్తారు. ఆ ఆట ఆడని పిల్ల బతుకు ఏదో ఒక మూల వంకరపోతుందని వాళ్ళ నమ్మకం. లవీనా కూతురు డార్లా ఆడలేదు. ఆ ఏడు ఇంట్లో వరసగా చావులు. అందుకే మనవరాలి ఆట కోసం లవీనా యంత్రాన్ని పట్టుకుని వేలాడుతోంది.

ఒకసారి మాటల్లో చావుల సంగతి వచ్చింది. గ్వెంబేలో మనిషి పోతే ఒక పరాచికాల గోత్రం ఉంటుందని చూల్వే చెప్పింది. ప్రతి గోత్రానికీ ఎదురు గోత్రం ఒకటి. వాళ్ళే వచ్చి గుంత తవ్వాలి, శవాన్ని నానా తిట్లూ తిట్టాలి, ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. ఎవరికీ కోపం రాకూడదు.

"శవాన్నా? తిట్టడమా? ఏమని?"

"ఏముంది, ఉన్నవన్నీ. తిండిపోతుదానా అని, దొంగచూపులదానా అని. మా మేనమామ పోతే ఆ గోత్రపు ముసలమ్మ వచ్చి ఆయన చొక్కా తొడుక్కుని ఆయనలాగే తూలుతూ నడిచింది. మా అత్త ఏడుస్తూ ఏడుస్తూ నవ్వి కింద పడింది."

లవీనా ఎంత నవ్విందంటే యంత్రం కీచుకీచుమంది. అది సర్దుకున్నాక ఆమె పైకప్పు వైపు చూసింది.

"నా పెద్దకొడుకు కారు తిరగబడి పోయాడు. చిన్నవాడు వాడంతట వాడే పోయాడు," అంది. "ఇద్దర్నీ పూడ్చాం. అందరూ వచ్చారు, తల వంచుకుని నించున్నారు, వెళ్ళిపోయారు. అక్కడితో వాళ్ళ పేరే లేదు. మా పద్ధతి అది. పేరెత్తితే పోయినవాళ్ళకి దారి తప్పుతుంది, వెనక్కొస్తారు. తప్పని నేననను. కానీ వదినా, పెద్దవాడు ఎంత దొంగవెధవో ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అంటే బావుణ్ణనిపించింది నాకు. వాణ్ణి తిట్టడానికైనా ఒక దిక్కుండాలిగా."

చూల్వే ఆమె కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

"నేను పోతే నువ్వు తిట్టు. నీకంటే ఎదురు గోత్రం ఎక్కడ దొరుకుతుంది నాకు? సముద్రం అవతలిదానివి. పేరు మాత్రం ఎత్తకు. అంతే."

"నోర్ముయ్. వేసవిలో ఆటుంది."

"మాటివ్వవే!"

చూల్వే మాటిచ్చింది.

వేసవి ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం యంత్రం పక్కనే లవీనా గుండె ఆగిపోయింది. ఇక్కడినుంచి ఆమె పేరు ఎత్తకూడదు. కథ చెప్పేవాళ్ళకి మాత్రం మినహాయింపేముంది, మనమూ ఎత్తొద్దు.

చూల్వే ముందుగానే డార్లా దగ్గరకు వెళ్ళి, గుంత దగ్గర తిట్టడానికి ఒప్పుకుంటావా అని అడిగింది. డార్లా జూదశాల వంటగదిలో పనిచేస్తుంది, మాట తక్కువ మనిషి. అమ్మ బట్టలూ దుప్పట్లూ శవపెట్టెతో పాటు పూడ్చడానికి మూట కడుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"నాతో కూడా అంది అమ్మ. నాకు ఇష్టం లేదత్తా. కానీ అడిగింది గదా. పేరు మాత్రం..."

"ఎత్తను. ఒట్టు."

గాలి ఎక్కువగా ఉన్న రోజు. పాస్టరు చదవాల్సింది చదివి పక్కకు తప్పుకున్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు గాని, ఇక్కడ ఎవరూ పొగడను కూడా లేదు. ఊరికే నిలబడ్డారు. పోయినామె తమ్ముడు వెండెల్, కేంద్రానికి రోగుల్ని వ్యానులో తోలుకొచ్చేవాడు, మొదటి పార మట్టి వేశాడు. మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పార అందుకున్నారు. గుంత సగం పూడాక చూల్వే కొంగు బిగించినట్టు శాలువ నడుముకు చుట్టుకుని ముందుకొచ్చింది.

"చూశారా దీన్ని? హాయిగా పడుకుంది. ఎండలో మీరంతా చెమటలు కక్కుతుంటే!"

అందరి తలలూ లేచాయి. పాస్టరు నోరు తెరిచి మూసుకున్నాడు.

"ఉప్పు తినొద్దే అంటే తల ఊపేది. సంచిలో బంగాళాదుంప చిప్సు! నేను అటు తిరగ్గానే కరకరా నమిలేది. ఏమిటా చప్పుడు అంటే, నా పళ్ళు ఊడిపోతున్నాయి వదినా అనేది. వారానికి మూడుసార్లు ఊడటానికి దీనికెన్ని పళ్ళున్నాయి?"

వెండెల్ పార మీద గడ్డం ఆనించి మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. వెనక ఎవరో ఆడమనిషి ముక్కుతో నవ్వింది. కేలీన్ తల్లి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది, ఆ పిల్ల పెదవి చివర కూడా కదిలింది. చూల్వేకి గుండె నిండిపోయింది. మాట నిలబెట్టుకుంటున్నాననుకుంది. నోరు తనంతట తను ముందుకు పరుగెత్తింది. చిన్నప్పటినుంచి ఎన్ని సమాధుల దగ్గర విన్నదో, ఆ ముగింపు నాలుక మీదే ఉంది. గ్వెంబేలో అది లేకుండా తిట్లు పూర్తికావు. నమస్కారం లాంటిది అది, ఎవరూ దాని అర్థం పట్టించుకోరు. అందుకే ఎన్ని సంగతులు చెప్పినా అది ఒక్కటీ స్నేహితురాలికి ఎప్పుడూ చెప్పాలనిపించలేదు.

చూల్వే కాలితో నేలను ఒక్క తాపు తన్నింది. "ఇంక చాల్లే నాటకం! లే! లేచి ఇంటికి రా! నీ మనవరాలు ఎదురుచూస్తోంది!"

నవ్వు తెగిపోయింది. డార్లా కూతురి రెండు చెవులూ అరచేతులతో మూసింది, కానీ అప్పటికే ఆలస్యమైంది. పిల్ల గుంత వైపు చూస్తోంది. డార్లా దాన్ని పొదివి పట్టుకుని పికప్పు దాకా ఈడ్చుకుపోయింది. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూసినవాళ్ళు లేరు. వెండెల్ ఒక్కడే మిగిలిన మట్టంతా గబగబా లాగి పోశాడు.

"పేరెత్తలేదుగా నేను," అంది చూల్వే.

"పేరెత్తినా ఇంతకన్నా నయమయ్యేదమ్మా," అన్నాడు వెండెల్. "నువ్వు రమ్మన్నావు."

ఆ తర్వాత కబుర్లు వ్యానులో వెండెల్‌తోనే వచ్చేవి. పిల్ల నిద్రపోవడం లేదు. వాకిట్లో అమ్మమ్మ నిలబడి ఉందంటోంది, చెప్పుల్లేకుండా. తిండి లేదు. డార్లా ఇల్లంతా బూడిద చల్లింది, సెడార్ చెట్టాకుల పొగ వేసింది, మంచం చోటు మార్చింది. ఆటకు పాడాల్సిన పెద్దాయన వచ్చి చూసి, పోయినవాళ్ళు వెంట తిరుగుతున్న పిల్లను ఆడించకూడదన్నాడు. ఆట ఆపేశారు.

చూల్వే ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. పూడ్చిన మర్నాటినుంచి ఆమె రోజూ పొద్దున్నే తన ఇంటి గుమ్మంలో, తల్లికీ అమ్మమ్మకీ పోసినట్టే, స్నేహితురాలికీ చారెడు జొన్న గంజి పోస్తోంది. టోంగాలకి పోయినవాళ్ళు గుమ్మంలోనే ఉంటారు. పోసి, కాస్త కూర్చోవే వదినా అంటారు. మాట్లాడుకుంటారు. వాళ్ళని పొమ్మన్నవాళ్ళు గ్వెంబేలో లేరు. పోయినవాళ్ళు కూడా పట్టించుకోని మనిషి అన్నది అక్కడ అన్నిటికన్నా పెద్ద తిట్టు. ఇక్కడ పిల్ల ప్రాణం మీదకు తెచ్చింది ఆ గంజే కావచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకుంటూనే డార్లా ఇంటికి వెళ్ళింది.

డార్లా తలుపు సగమే తీసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పెద్దాయన చెయ్యగలిగింది చేశాడత్తా. పిలిచినవాళ్ళు పొమ్మంటే గానీ పోదంటున్నాడు."

"నేనా?"

"పిలిచింది నువ్వేగా."

"డార్లా, మా వాళ్ళలో అలా అనరమ్మా. ఎవరూ అనరు. నా నోటితో..."

"మా వాళ్ళలో లేచి రమ్మని కూడా అనరు," అంది డార్లా. లోపల చీకట్లో కేలీన్ మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. మొహం చిక్కి కళ్ళే మిగిలాయి. సిస్టరత్తా అనలేదు. చూల్వే భుజం పక్కనుంచి వాకిట్లోకి చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే సమాధి దగ్గరికి వెళ్ళారు. పికప్పు కంచె దగ్గర ఆగింది. పిల్లకి వినపడాలి గనక అద్దాలు దించారు. డార్లా దాన్ని పట్టుకుని లోపలే కూర్చుంది. వెండెల్ చూల్వే నుదుటికి బూడిద రాసి, చెప్పడం అయ్యాక వెనక్కి చూడొద్దు, మళ్ళీ ఎప్పుడూ తలుచుకోవద్దు అన్నాడు. గాలికి మట్టికుప్ప మీది కాగితప్పూలు గలగలమంటున్నాయి.

చూల్వే ముందు తన భాషలో మొదలుపెట్టింది.

"పిల్లకి అర్థం కావాలి," అన్నాడు వెండెల్.

"వెళ్ళు," అంది చూల్వే. మళ్ళీ అంది. "వెళ్ళిపో. నిన్ను రమ్మన్నది నేనే, పొమ్మంటున్నదీ నేనే. ఆ ఇంట్లో నీ మంచం లేదు. నీ కంచం లేదు. నీ కూతురు నిన్ను రమ్మనలేదు. నీ మనవరాలు నీకోసం ఎదురుచూడటం లేదు. నేను అబద్ధమాడాను."

వెండెల్ కదలకుండా నిలబడ్డాడు.

"ఇంకా ఉంది," అన్నాడతను మెల్లగా. "నీ దగ్గరికి కూడా రానీకూడదు."

గంజి సంగతి ఇతనికెలా తెలుసనిపించింది చూల్వేకి. తెలియదేమో. వయసు మళ్ళిన మనుషులకు ఇలాంటివి చెప్పక్కర్లేదేమో. ఏడుపు వస్తోంది గాని ఏడిస్తే అదీ పిలుపే అవుతుందని పళ్ళు బిగబట్టింది.

"నా గుమ్మంలోకి రాకు," అంది. "నీకూ నాకూ ఏ వరసా లేదు. నువ్వెవరో నాకు తెలీదు."

తిరిగి నడిచింది. వెనక్కి చూడలేదు. వెండెల్ ఆమె అడుగులు పడ్డ చోటల్లా బూడిద చల్లుకుంటూ వెనక వచ్చాడు. పికప్పు దగ్గరికి వచ్చేసరికి డార్లా జరిగి చోటిచ్చింది. కేలీన్ అద్దంలోంచి మట్టికుప్ప వైపు చూసి, తర్వాత చూల్వే మొహంలోకి చూసింది. ఎన్నో రోజుల తర్వాత ఆ పిల్ల నోరు విప్పింది.

"సిస్టరత్తా, అక్కడ ఎవరున్నారు?"

వెండెల్ తాళం తిప్పబోతూ ఆగాడు.

"ఎవరూ లేరమ్మా," అంది చూల్వే.

తారు రోడ్డు ఎక్కకముందే పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది.