తొమ్మిదో ఫారం

మా బైండింగు గదిలోకి మధ్యాహ్నపు వెలుతురు కాగితాల మీదుగా వస్తుంది. కిటికీ పక్కన పేర్చిన తెల్ల దొంతరల అంచులు వెలిగి, గదంతా పొగమంచు పట్టినట్టుంటుంది. ఉడికించిన మైదా జిగురు వాసన, దారం కాగితంలోంచి జారే మెత్తని చప్పుడు. ఆ వేళకి నేను కుడుతున్నానో కలగంటున్నానో నాకే తెలియదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతాయి. నేను కుట్టిన పుస్తకంలో పేజీలు తారుమారయ్యాయని ఇంతవరకు ఒక్కరు అన్న పాపాన పోలేదు. మా ఆయన ఊళ్ళు తిరిగి పని తెస్తాడు, చేసేది నేను. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అందుకే నా దగ్గర నోరెత్తడు.

ఆ గదిలోనే ఒక మూల, అట్టల బొత్తి మీద కూర్చునేవారు మా మావయ్యగారు. ఆయన పాస్టరు. ఈ ఇంటి కోడలిని కాకముందే ఆయన ప్రసంగం విని నేను దేవుణ్ణి నమ్మాను. అత్తయ్య పోయాక ఆయన ప్రార్థన మానేశారు. చర్చిలో చేసేవారు, అక్కడ చేయక తప్పదు. ఇంట్లో మాత్రం తల వంచకుండానే కంచంలో చెయ్యి పెట్టేవారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఊరుకోవడం నాకెంత కష్టమో మా ఆయన్ని అడిగితే చెబుతాడు.

చివరికి ఒకరోజు ఆయనే అన్నారు. "వచ్చే ఆదివారం చర్చిలో చెప్పేస్తానమ్మా, ఇంకో పాస్టరుని చూసుకోమని. లోపల ఏమీ లేకుండా పైపైన ఎన్నాళ్ళు చెప్పను?"

నాకు జాలి కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. ఈయన మాట పట్టుకుని ఇంత దూరం నడిచొచ్చానే, ఈయనే చెయ్యి వదిలేస్తే నేనెక్కడ నిలబడాలి? ఆ కోపంలోనే పెట్టె అడుగునుంచి అత్తయ్య ఆయనకిచ్చిన ధ్యానాల పుస్తకం తీశాను. కుట్లు తెగి ఆకులు ఊడిపోతున్నాయి. పేజీకి ఒకటి చొప్పున చిన్న చిన్న ధ్యానాలు, అన్నీ తియ్యటి మాటలు. కొత్తగా కుట్టి చేతిలో పెడితే ఆ తీపికైనా మనసు తిరుగుతుందని నా ఆశ.

అప్పుడే బల్ల మీద ఇంకో పుస్తకం విప్పి ఉంది. మా వీధి టీచరమ్మది. దేవుడు లేడని ఊరూరా వాదించిన వాళ్ళ నాన్న రాసుకుని, తన ఖర్చుతో వేయించుకున్నది. అలాంటి పుస్తకాల్ని గుమ్మం దాటనివ్వకండని మావయ్యగారు చర్చిలో చాలాసార్లు హెచ్చరించారు. పని పనే కాబట్టి నేను దాటనిచ్చాను. ఆయన వచ్చినప్పుడల్లా దాని మీద తువ్వాలు కప్పేదాన్ని.

రెండూ కుట్టేశాను. టీచరమ్మ తనది తీసుకెళ్ళింది. మావయ్యగారు తనది ఒళ్ళో పెట్టుకుని, అలవాటు ప్రకారం సన్నగా పైకి చదవడం మొదలుపెట్టారు. ఉప్పులేని కూడు తింటున్నట్టు చదివారు. నేను సూదిలో దారం ఎక్కిస్తూ, మగతలో వింటూ, లోలోపల తిట్టుకుంటూ ఉన్నాను. ఉన్నట్టుండి ఆయన గొంతు మారింది.

"అందరూ ఓదార్పు తెచ్చారు. నేనడిగింది జవాబు. పక్కమీద ఆమె చోటు ఖాళీగా ఉంది, ఆకాశమూ ఖాళీగానే ఉంది. అయినా రేపు పొద్దున లేచి మళ్ళీ అడుగుతాను. అడగడం మానేస్తే ఆమె ఊరికే పోయినట్టవుతుంది."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు కారనిచ్చారు. ఇన్నేళ్ళూ ఈ పేజీ ఎలా దాటేశానో, ఎంత ధైర్యమో ఇది రాసినాయనకి అని పైకే అనుకున్నారు. ఆ సాయంత్రం పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ ఎవరితోనో గొణగడం విన్నాను. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆదివారం సంగతి ఏం చేస్తారని అడిగితే, చూద్దాంలే అన్నారు.

మర్నాడు టీచరమ్మ పుస్తకం పట్టుకుని వచ్చింది. "మా నాన్నకి మధ్యలో మారుమనసు వచ్చినట్టుందండీ. పదహారు పేజీల పాటు దేవుణ్ణి తెగ పొగిడాడు," అంది.

పదహారు పేజీల మడతని మేం ఫారం అంటాం. రెండు పుస్తకాలూ ఒకే ప్రెస్సువి, అవే అక్షరాలు, అదే కొలత, పేజీ మీద పుస్తకం పేరు లేదు. ఇందులోని తొమ్మిదో ఫారం అందులోకి, అందులోనిది ఇందులోకి వెళ్ళిపోయాయి. పేజీల అంకెలు వరసలో సరిపోయాయి కాబట్టి నా కన్ను ఆగలేదు. టీచరమ్మ పోట్లాడి ఉంటే బాగుండేది. నవ్వుకుంటూ చదవడం మొదలుపెట్టాననీ, కాసేపటికి నవ్వు రాలేదనీ, ఆ పేజీలు తీసేసే ముందు ఇంకోసారి చదవనిస్తారా అనీ అడిగింది. తర్వాత ఇస్తానని చెప్పి పుస్తకం అట్టిపెట్టుకున్నాను.

ఇక నా అవస్థ చూడాలి. నోరు మూసుకుంటే మావయ్యగారు నిలబడతారు. చెబితే, ఏ పేజీ పట్టుకుని లేచారో అది దేవుడు లేడన్నవాడిదని తెలిసి మళ్ళీ కూలిపోతారు. అటు చూస్తే ఆయన అదే పేజీ మళ్ళీ తిప్పుతున్నారు, ముఖం నిండా తెల్లటి వెలుతురు. అబద్ధం మీద ఆయన్ని నిలబెట్టి, ఆయన మీద నేను నిలబడాలా? సూది పక్కన పెట్టేశాను.

"మావయ్యా, ఆ పేజీ మీ పుస్తకంలోది కాదు," అని మొదలుపెట్టి, తువ్వాలు సంగతితో సహా అంతా చెప్పేశాను.

ఆయన పేజీ మీద అరచెయ్యి పెట్టుకుని విన్నారు. ఎవరు పోయినప్పుడు రాశాడని అడిగారు. భార్య అన్నాను. కాగితాల వెలుగు కిటికీ నుంచి గోడ మీదకి జరిగేదాకా, చెయ్యి తీసి ఆ పేజీనే మళ్ళీ మళ్ళీ చదివారు.

"లేడనుకున్నవాడు కూడా రోజూ లేచి అడిగాడమ్మా. ఉన్నాడని ఊరంతా చాటినవాణ్ణి, నేను ఒక్క మాట అడగలేదు. దేవుడి దగ్గర కూడా మొహమాటపడ్డాను."

తర్వాత చెయ్యి చాపారు. "ఆ పుస్తకం ఇలా తే. మొత్తం చదవాలి."

గుమ్మం దాటనివ్వద్దన్నది మీరే కదా అన్నాను, నా నోరు ఊరుకోదు. భయపడి అన్నానమ్మా అన్నారు. ఆదివారం దాకా ఆ మూల కదల్లేదు. కొన్నిచోట్ల ఇది తప్పని పేజీ మీద గట్టిగా తట్టేవారు, కొన్నిచోట్ల తల పట్టుకునేవారు. తన ధ్యానాల పుస్తకం పక్కనే పెట్టుకుని దీన్నీ దాన్నీ మార్చి మార్చి చదివారు. ఇలాంటివి ఇంకేమున్నాయో కనుక్కోమని నన్ను టీచరమ్మ ఇంటికి తోలారు.

ఆదివారం చర్చిలో ఆయన లేచి నిలబడ్డారు. తప్పుకుంటానని చెబుతారా? ఆయన ఎవరి పుస్తకం చదివారో చెప్పారు. ముందు వరుసలో పెద్దమనిషి ఒకాయన విసురుగా లేచి వెళ్ళిపోయాడు. మావయ్యగారు ఆయన వెళ్ళేదాకా ఆగి, కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేశారు.

"ప్రభువా, నా భార్యని ఎందుకు తీసుకుపోయావు? నాకు నీమీద కోపంగా ఉంది. నువ్వు వింటున్నావనే అడుగుతున్నాను."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఎలా అంటారు? అప్పుడు నా వెనక నుంచి, నలుగురిలో ఎన్నడూ పెదవి విప్పని ముసలమ్మ గొంతు లేచింది. "అయ్యా, మరి నా పిల్లాడినో?"

మావయ్యగారు ఆమె వైపు తిరిగారు.

"ప్రభువునే అడుగమ్మా," అన్నారు. "నువ్వు అడగడం అయ్యేదాకా మేమంతా కూర్చుంటాం."