రెండు వేళ్లు

వదిన వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ నమ్యాలోకు ఏ పనీ చేతికి రావడం లేదు. ఆడపిల్ల ఎదుగుతుంటే ఆ సంగతులన్నీ మేనత్త, అంటే సెంగే చెప్పాలి. తల్లి కల్పించుకోకూడదు. మసాకా ఊళ్లో ఏ ఇంట్లో చూసినా అంతే. సెంగదీ పిల్లదీ ఒకటే వంశం. కన్నది తనే అయినా తనది వేరు.

అందుకే ఈసారి వదిన కంటే ముందే నమ్యాలో ఒక బ్రా కొనేసింది. కొలత అడగడానికి మొహమాటమేసి, స్కూలు యూనిఫాం కొన్నట్టే ఎదిగితే సరిపోతుందని కాస్త పెద్దదే తెచ్చి, కూతురు నస్సాలి దిండు మీద పెట్టి వచ్చేసింది.  అప్పట్నుంచీ ఆ పిల్ల చేతులు కట్టుకునే తిరుగుతోంది. మాటిమాటికీ భుజం మీద పట్టీ సర్దుకుంటోంది.

వదిన నకిమెరా రాగానే తల్లీకూతుళ్లిద్దరూ ఆనవాయితీ ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని పలకరించారు.

"ఏమే, చలేస్తోందా? ఆ చేతులేంటి?" అంది నకిమెరా. భుజం మీంచి జారిన పట్టీ కంటపడింది. "ఇదెవరు కొన్నారు?"

"అమ్మ."

"నీకనా, మీ నాన్నమ్మకనా?"

నస్సాలి ఫక్కున నవ్వింది. నమ్యాలోకు ఆ నవ్వు గుచ్చుకుంది. తన దగ్గర ఎన్నడు నవ్విందలా?

మేనత్తా మేనకోడలూ బజారుకు బయలుదేరితే, ఉప్పు లేదంటూ నమ్యాలో కూడా వెంటపడింది.

"డబ్బా నిండా ఉందిగా అమ్మా," అంది నస్సాలి.

అమ్మకానికి పోసిన వాడిన బట్టల గుట్టల దగ్గర ఆ ఇద్దరూ ఆగారు. నమ్యాలో ఎదురుగా టమాటాలు ఏరుతున్నట్టు నిలబడి చెవులు ఇటే పెట్టింది. నకిమెరా ఒక్కొక్క బ్రా సాగదీసి చూసి, సాగి వదులైనవన్నీ పక్కన పడేసింది. నస్సాలి తెర వెనక్కి వెళ్లింది.

"టీషర్టు మీదే వేసుకో. చేతులు పైకెత్తు. వెనక పట్టీ పైకి పోయిందా?"

"పోయింది సెంగా."

"అయితే వదిలెయ్. ఇదిగో, ఇంకోటి. పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, అంతే. మరీ బిగిస్తే ఊపిరాడదు, వదులైతే బరువంతా భుజాల మీద పడుతుంది."

నస్సాలి చేతులూపుకుంటూ బయటికొచ్చింది. జ్వరాలొస్తే ఆ పిల్లను ఒళ్లో పెట్టుకు కూర్చున్నది నమ్యాలో. ఇలా నడిపించింది మాత్రం వదిన.

"నువ్వూ ఒకటి చూసుకోరాదూ," అంది నకిమెరా, టమాటాల వైపు తిరిగి. "పెళ్లప్పట్నుంచీ చూస్తున్నా, నీకూ భుజం మీది పట్టీ దిగిపోతూనే ఉంటుంది. ఎవరూ చెప్పలేదా?"

"నాకు బాగానే ఉంది వదినా."

ఎవరూ చెప్పలేదు. తన సెంగ తన చిన్నప్పుడే పోయింది. ఇంతసేపూ వదిన మీదే అనుకున్న కడుపుమంట ఇప్పుడు, చెప్పే మనిషి ఉన్న కూతురి మీదికీ పాకింది. ఆ సంగతి తెలిసి నమ్యాలోకు సిగ్గేసింది.

మర్నాడు వదిన వెళ్లిపోయాక పెరట్లో బట్టలారేస్తూ, ఏదో మాటవరసకన్నట్టు అడిగింది.

"ఇంకా ఏం చెప్పిందేమిటి మీ సెంగ?"

"నీకు చెప్పకూడదంది."

నమ్యాలో తడిబట్టను గట్టిగా దులిపింది. ఆ ఊపుకి పట్టీ భుజం మీంచి జారింది.

"అలా ఉండమ్మా, కదలకు." నస్సాలి తల్లి వెనకవైపుకి వచ్చి జాకెట్టు పైనుంచే వీపు మీది పట్టీ తడిమింది. "చెయ్యి చెయ్యంతా పడుతోంది ఇందులో. రెండు వేళ్లే పట్టాలి." జాకెట్టు కాస్త ఎత్తి, పట్టీ బిగిసేలా లోపలి హుక్కుకి మార్చింది.

భుజాలు తేలికపడ్డాయి. వేళ్లు కూతురివే గాని, ఆ చూసే తీరు మాత్రం అచ్చం నకిమెరాదే. నమ్యాలో పళ్లు బిగించింది. కదలకుండా నిలబడింది.